మామిడి తోట అమ్మి పిల్లోడిని పైలట్ చేయాలా? ఆ ఉద్యోగం ఇప్పటికీ అంత బాగుందా?

దామలచెరువు పక్కనుంచి ఒకన్న అడిగిన ప్రశ్న ఇది. కొడుకు తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్, పైలట్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు, కన్సల్టెన్సీ వాళ్ళు అంతా కలిపి కోటి దాకా అవుతుందన్నారు, ఆరెకరాల మామిడి తోట ఉంది, అది అమ్మి పంపిస్తే ఆ ఉద్యోగానికి ఇంకా అంత విలువ ఉందా అని. వాళ్ళమ్మ అయితే అహ్మదాబాద్ విమాన ప్రమాదం టీవీలో చూసినప్పటినుంచి అసలు ఒప్పుకోవడం లేదంట.

అన్నా, నాది చంద్రగిరి దగ్గర పల్లె. ఎయిర్‌బస్ ఎ320 విమానం నడుపుతాను, ఎయిర్‌లైన్‌లో పదిహేనేళ్ళు కావస్తోంది, కెప్టెన్ అయ్యి ఎనిమిదేళ్ళు దాటింది. నేరుగా చెప్తా. ఉద్యోగం ఇప్పటికీ మంచిదే. తోట మాత్రం అమ్మొద్దు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం అనిపించొచ్చు, కానీ ఉద్యోగం ఒకటి, దాని దాకా పోయే దారి ఇంకొకటి. కష్టమంతా ఆ దారిలోనే ఉంది, కన్సల్టెన్సీ వాళ్ళు ఆ దారి గురించే చెప్పరు.

ముందు డబ్బు సంగతి. ఇండియాలో మామూలు పద్ధతిలో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, తీసుకోవాలంటే సుమారు 50, 60 లక్షలు అనుకోండి. ఆ లైసెన్స్‌తో మీవాడు నడపగలిగేది చిన్న ఇంజన్ విమానమే. ఎయిర్‌బస్ ఎక్కాలంటే టైప్ రేటింగ్ అని ఇంకొకటి ఉంటుంది, దానికి మళ్ళీ 15, 20 లక్షలు. ఎయిర్‌లైన్ వాళ్ళే నడిపే క్యాడెట్ ప్రోగ్రామ్‌లో చేరితే అన్నీ కలిపి కోటి దాటుతుంది, కాకపోతే చివర్లో ఉద్యోగానికి కొంత భరోసా ఉంటుంది, అది కూడా అగ్రిమెంట్‌లో ఏ మాట రాశారో చూసుకోవాలి.

80 లక్షలు బ్యాంకులో తీసుకుని 11 శాతం వడ్డీతో పదేళ్ళలో కట్టాలంటే నెలకు లక్షా పది వేలు. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్‌కు, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌కు, కంపెనీని బట్టి, ఎగిరిన గంటల్ని బట్టి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల మధ్య వస్తుంది, ట్రెయినింగ్ నెలల్లో అంతకంటే తక్కువే. అంటే మొదట్లో సగం జీతం బ్యాంకుకే పోతుంది. కెప్టెన్ అయినాక ఆరు, ఏడు లక్షలు, ఆ పైన కూడా వస్తుంది, అది నిజమే, కానీ కెప్టెన్ కావడానికి కాలం బాగుంటే ఐదారేళ్ళు, బాగాలేకపోతే పదేళ్ళు.

ఇదంతా ఉద్యోగం వెంటనే వస్తే లెక్క. రాకపోతే ఏమవుతుందో నేను అనుభవించినాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

నేను 2006లో ట్రెయినింగ్‌కు పోయినాను. అప్పుడు ఏ పేపర్ తిరగేసినా పైలట్లు కావాలి, పైలట్లు కావాలి అనే వార్తలే. మా నాయన రోడ్డు పక్కన ఉన్న రెండెకరాలు అమ్మినాడు, మిగతాదానికి ఇల్లు కుదవపెట్టినాడు. నేను చేరిన స్కూల్లో మూడు విమానాలు ఉన్నాయని చెప్పి చేర్చుకున్నారు, వాటిలో ఎగరడానికి పనికొచ్చేది ఎప్పుడు చూసినా ఒక్కటే, నలభై మంది పిల్లలం దానికోసం క్యూలో ఉండేవాళ్ళం. డబ్బంతా ఒకేసారి కట్టేసినాం కాబట్టి గట్టిగా అడిగే హక్కు కూడా లేకుండా పోయింది. లైసెన్స్‌కు కావాల్సిన, ఏడాదిన్నరలో అయిపోవాల్సిన 200 గంటల ఎగరడానికి ఇరవయ్యారు నెలలు పట్టింది. లైసెన్స్ చేతబట్టుకుని 2008 ఆఖర్లో బయటికొచ్చేసరికి ప్రపంచమంతా మాంద్యం, ఎయిర్‌లైన్లు ఉన్నోళ్ళనే తీసేస్తున్నాయి.

రెండున్నరేళ్ళు ఖాళీ. తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్లో ఎంసెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినాను. అన్నా, లైసెన్స్ పెట్టెలో పెట్టి తాళం వేస్తే నిలవదు, ఏటా మెడికల్ చేయించుకోవాలి, బయట ఏమీ కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రెన్యువల్ చేసుకోవాలి, దానికి మళ్ళీ గంటలు కొనుక్కుని ఎగరాలి. ట్యూషన్ల డబ్బులు మొత్తం దానికే పోయేవి. ఊర్లో ఎవరు కనిపించినా విమానం ఏమైందప్పా అని అడిగేవాళ్ళు. వాళ్ళు ఎగతాళికి అడిగింది కాదు, కానీ మా నాయన ఆ మాట వినలేక టీ అంగడికి పోవడమే మానుకున్నాడు. 2011లో ఉద్యోగం వచ్చింది. ఆ రెండెకరాలు ఇప్పుడు ప్లాట్లు, ఇళ్ళు. కెప్టెన్ అయినాక తిరిగి కొనాలని చానా తిరిగినాను, కొనలేకపోయినాను. తోట అమ్మొద్దు అని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు కాలం మారింది కదా అంటారు. మారింది, కొంతే. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 విమానాలు ఆర్డర్ ఇచ్చాయి, కన్సల్టెన్సీ గోడమీద ఈ రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. అదే 2023లో డీజీసీఏ, అంటే లైసెన్సులిచ్చే కేంద్ర విమానయాన సంస్థ, 1,622 మందికి సీపీఎల్ ఇచ్చింది, అప్పటికి అది రికార్డు. ఆ అంకె గోడమీద ఉండదు. ఆర్డర్ ఇచ్చిన విమానాలు ఏళ్ళ తరబడి విడతలు విడతలుగా వస్తాయి, లైసెన్సులేమో ఏటా వచ్చి పడుతూ ఉంటాయి. ఎయిర్‌లైన్లకు నిజంగా కొరత ఉండేది కెప్టెన్లకు. 1,500 గంటలు దాటి ఏటీపీఎల్, అంటే కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్స్, ఉండి, ఆ విమానం మీద అనుభవం ఉన్నోళ్ళ కోసం పోటీ పడతారు. 200 గంటల కుర్రాడి కోసం ఎవరూ పోటీ పడరు.

పైగా కంపెనీలు మూతపడతాయి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. 2020లో కరోనాకు మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్యాసింజర్ విమానాలే లేవు, తర్వాత కూడా చాలాకాలం జీతాలు కోసినారు. నేనూ ఆ కోతలో ఉన్నోడినే. అనుభవం ఉన్నోళ్ళు ఆరునెలలకో ఏడాదికో ఇంకోచోట కుదురుకుంటారు, ఎటొచ్చీ అప్పుడే చేరి, లోన్ మెడమీద ఉన్న పిల్లలు నలిగిపోతారు.

ఇంత చెప్పి ఉద్యోగం మంచిదని ఎందుకన్నానంటే, అది నిజంగా మంచిది కాబట్టి.

ఒక రాత్రి సంగతి చెప్తా. నవంబరు, మన పక్క వాయుగుండం పట్టుకుంటే ఎట్ల ఉంటుందో మీకు తెలుసు, హైదరాబాద్ నుంచి రేణిగుంటకు వస్తున్నాం. సీట్లన్నీ నిండినాయి, సగానికి పైన తిరుమల పోయేవాళ్ళు. పశ్చిమాన, ఉత్తరాన శేషాచలం కొండలు ఉంటాయి కదా, చీకట్లో వానలో అవి కనపడవు, అవి ఎక్కడున్నాయో నీకు తెలిసి ఉండాలి అంతే. పుట్టినప్పటినుంచి చూసిన కొండలే, కానీ ఆ రాత్రి వాటిని చార్ట్ మీద అంకెలుగానే చూడాలి. ఒక ఎత్తు దాకా దిగుతాం, ఆ ఎత్తులో రన్‌వే కనిపిస్తేనే కిందికి, కనిపించకపోతే ఒక్క క్షణం కూడా ఇంకొంచెం చూద్దాంలే అనుకోకూడదు, పైకి లేపేయాలి. కనిపించలేదు. గో అరౌండ్ అన్నాను, లేపినాం. ఇంకోసారి ప్రయత్నం చేసినాం, మళ్ళీ అదే. చెన్నైలో కూడా వానే కాబట్టి బయల్దేరేటప్పుడే బెంగళూరు పోయేటందుకు సరిపడా ఇంధనం ఎక్కువ పోయించుకుని ఉన్నాను, అక్కడికి పోయినాం.

బెంగళూరులో దిగినాక కొందరు కోపంగా ఉన్నారు, దర్శనం టికెట్ టైమ్ పోతుందని, పెద్దాళ్ళు చంటిబిడ్డలు ఉన్నారని. వాళ్ళ బాధ వాళ్ళది, తప్పేమీ లేదు. నేను కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి అందరికీ నమస్కారం పెట్టి పంపించినాను. ఆ రాత్రి హోటల్ గదిలో నిద్రపట్టేముందు అనిపించింది, ఇంతమంది రేపు ఉదయం ఇంట్లో ఫోన్ చేసి మాట్లాడతారు, నేను చేయాల్సిన పని నేను చేసినాను అని. ఆ తృప్తికి వెల కట్టలేను. చేసిన పనికి ఫలితం అదే రోజు కళ్ళముందు కనిపించే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి. తెల్లారుజామున మబ్బులపైన సూర్యుడు రావడం నేను కొన్ని వందలసార్లు చూసినాను, ఇప్పటికీ పక్క సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌తో మాట్లాడటం ఆపి చూస్తాను.

మీవాడికి ఇట్లాంటిది కావాలా, లేక యూనిఫాం, జీతం చూసి అంటున్నాడా అని కూర్చోబెట్టి అడగండి. యూనిఫాం మోజు మొదటి ఏడాదే తీరిపోతుంది, ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్ళు పని ఉంటుంది, 65 దాకా ఎగరొచ్చు కాబట్టి.

పని ఎట్లుంటుందంటే. ఉదయం ఐదున్నర ఫ్లైట్ అంటే రెండు గంటలకు లేవాలి. రోజుకు మూడు, నాలుగు సెక్టార్లు, అంటే అన్నిసార్లు ఎక్కి దిగడం, రాత్రి ఏదో ఊర్లో హోటల్, మరుసటి రోజు సాయంత్రం డ్యూటీ, ఇంకో రోజు అర్ధరాత్రి. ఒళ్ళు ఏ టైమ్‌కు పడుకోవాలో మర్చిపోతుంది. ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదని రూల్, వినడానికి తక్కువే అనిపిస్తుంది కానీ అది విమానం కదిలినప్పటినుంచి ఆగేదాకా లెక్క మాత్రమే, నేలమీద ఎదురుచూసింది, ఏర్పాట్లు చేసుకుంది వేరే. డీజీసీఏ కొత్త విశ్రాంతి రూల్స్ తెచ్చింది, వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేసినారు, రాత్రి అంటే ఉదయం 6 దాకా అని మార్చినారు, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు తగ్గించినారు. 2025 జులైలో కొన్ని, నవంబరులో మిగతావి అమల్లోకి వచ్చాయి, డిసెంబరు మొదట్లో ఆ రూల్స్‌కు సరిపడా పైలట్లు లేక వేల ఫ్లైట్లు రద్దయి దేశమంతా గందరగోళమైంది, మీరూ టీవీలో చూసే ఉంటారు, కొన్నాళ్ళపాటు కొన్ని సడలింపులు ఇచ్చినారు. అయినా ఆ రూల్స్ రావడం చానా మంచి పని. అలసట అనేది మందు తాగినంత ప్రమాదం, తాగినోడికి తాగినట్టు తెలుస్తుంది, అలిసినోడికి తెలియదు.

పండగలు ఉండవు. తాతయ్యగుంట గంగమ్మ జాతర నేను చూసి తొమ్మిదేళ్ళు. మా పాపకు తిరుమలలో పుట్టెంట్రుకలు తీసిన రోజు నేను గువాహటిలో ఉన్నాను, సెలవు అడిగినాను, దొరకలేదు. పాపకు ఇప్పుడు ఆరేళ్ళు, ఆ ఫోటోల్లో నాన్న ఏడీ అని అడుగుతుంది. ఇట్లాంటివి మీవాడు ఇప్పుడు పట్టించుకోడు, ముప్పై దాటినాక తెలుస్తుంది.

ఒంటి విషయం ఇంకా ముఖ్యం. ఏటా మెడికల్, 60 దాటితే ఆర్నెల్లకోసారి. ఆర్నెల్లకు ఒకసారి సిమ్యులేటర్‌లో, అంటే నేలమీదే ఉండే నకలు కాక్‌పిట్‌లో, పరీక్ష, ఇంజన్ మండిందనుకో, ఆగిందనుకో అని పెడతారు, అందులో తప్పితే మళ్ళీ ట్రెయినింగ్ అయ్యేదాకా ఎగరనివ్వరు. అంటే పరీక్షలు ఇంటర్‌తో అయిపోవు, రిటైరయ్యేదాకా రాస్తూనే ఉండాలి. డ్యూటీకి ముందు ఊపిరి పరీక్ష ఉంటుంది, మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్, రెండోసారి మూడేళ్ళు. ఇక్కడ ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మనం మందుగా తాగే దశమూలారిష్టం లాంటి అరిష్టాల్లో పులియబెట్టడం వల్ల ఆల్కహాల్ ఉంటుంది, కొన్ని హోమియో మందుల్లో, మౌత్‌వాష్‌లో కూడా. మా అమ్మ జలుబు చేసిందంటే ఏదో ఒకటి పోసి ఇచ్చేది, ఇప్పుడు సీసా మీద చదివి గానీ ఇవ్వదు.

షుగర్, గుండె, చెవి, ఏది తేడా వచ్చినా ఉద్యోగం ఆగొచ్చు. అందుకే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ అని ఒకటి ఉంటుంది, చేరిన మొదటి నెలలోనే తీసుకోమనండి.

మీ బావగారు అన్నారని రాసినారు కదా, ఇంక విమానాలు వాటంతట అవే పోతాయి, పైలట్లు అక్కర్లేదు అని. టేకాఫ్ ఇప్పటికీ మేమే చేస్తాం. ఆటోమేటిక్ ల్యాండింగ్ ఉంది, దానికి విమానంలోనూ ఎయిర్‌పోర్ట్‌లోనూ తగిన పరికరాలు ఉండాలి, అది మామూలుగా పొగమంచు రోజుల్లో వాడేది, ఎక్కువ ల్యాండింగులు చేత్తోనే అవుతాయి. ఒక్క పైలట్‌తో నడిపితే చాలదా అని యూరప్ సేఫ్టీ ఏజెన్సీ ఈఏఎస్‌ఏ అధ్యయనం చేయించింది, ఇద్దరు ఉన్నప్పటి భద్రత ఇప్పుడున్న టెక్నాలజీతో ఒక్కడితో రాదని 2025లో తేల్చింది. కంప్యూటర్లు పెరుగుతాయి, పని మారుతుంది, కానీ మీవాడి కాలంలో రెండు సీట్లూ ఖాళీ అయిపోతాయని నేను అనుకోను.

ఇంక ఏం చేయాలి అంటే.

మొట్టమొదట మెడికల్. పైసా కట్టకముందు ఇదే. డీజీసీఏ లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2 అనే పరీక్ష, ఆ తర్వాత సీపీఎల్‌కు కావాల్సిన క్లాస్ 1. మనకు దగ్గరే, బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కళ్ళద్దాలు ఉన్నా పర్వాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా రావాలి. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం కష్టం. పుత్తూరు పిల్లోడు ఒకడు నాకు తెలుసు, ఫీజు పన్నెండు లక్షలు కట్టినాక మెడికల్‌కు పోతే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని తేలింది, వాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వేలల్లో అయ్యే పరీక్ష చేయించకుండా లక్షలు కట్టొద్దు.

రెండోది, ఎగరకముందే పేపర్లు. ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్, ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి కాబట్టి అర్హత ఉంది, ఆ పరీక్షలు రాయడానికి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ తీసుకుని ఏదో ఒక డిగ్రీలో చేరి పక్కన ఇవి చదువుకోమనండి. కోటితో పోలిస్తే దీనికయ్యే ఖర్చు చానా తక్కువ, ఆసక్తి ఎంతుందో ఇక్కడే బయటపడుతుంది. మోజుతో వచ్చినోళ్ళు నావిగేషన్ దగ్గర ఆగిపోతారు. నిలబడితే అప్పుడు డబ్బు గురించి ఆలోచించండి. ఉద్యోగం రాకపోతే నాకు ఫిజిక్స్ అన్నం పెట్టింది, మీవాడికి డిగ్రీ ఉండాలి.

మూడోది, ఖర్చు తగ్గే దారులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వం పెట్టిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, ఎంట్రన్స్ రాసి పోవాలి. ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష, రాసి ఎయిర్‌ఫోర్స్‌కు పోతే ఖర్చే లేదు, మన కలికిరి సైనిక్ స్కూల్ పెట్టిందే అట్లాంటి పిల్లల కోసం, ఇంటర్ ఎంపీసీ పిల్లోడు నేరుగా కూడా రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పరీక్ష ఉంటుంది. అది సైనికుడి జీవితం, వేరే దారి, కానీ ఎగరడమే కావాలన్నోడు ఒకసారి రాసి చూడాలి.

స్కూల్ చూసేటప్పుడు బ్రోచర్ కాదు, హ్యాంగర్‌కు పోండి. ఎగిరే విమానాలు ఎన్ని, పిల్లలు ఎంతమంది, పోయిన బ్యాచ్ వాళ్ళకు 200 గంటలు ఎన్ని నెలల్లో అయినాయి, ఈ మూడూ అక్కడున్న పిల్లల్నే అడగండి. డబ్బు విడతల్లోనే కట్టండి. ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు, ఆ డిస్కౌంట్ తీసుకుని నేను పడింది పైన రాసినాను. ఆడబిడ్డ ఉన్నోళ్ళు చదువుతుంటే వాళ్ళకూ ఇదే లెక్క, మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్ళు, ప్రపంచంలోనే ముందున్నాం.

తోట గురించి మళ్ళీ. తోతాపురి ధర మీకంటే నాకు ఎక్కువ తెలియదు, 2025లో కిలో 12 రూపాయలు అని, అందులో 4 ప్రభుత్వం ఇస్తేగానీ గట్టెక్కని పరిస్థితి చూసినాం. తోట మీద ఆదాయం లేదు కాబట్టి అమ్మేద్దాం అనిపించడం సహజమే. కానీ మీవాడికి లైసెన్స్ వచ్చినాక రెండేళ్ళు ఉద్యోగం రాలేదనుకోండి, ఇల్లు దేనిమీద నడుస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు ఉన్నంతవరకే అప్పు చేయండి, ఆరెకరాల్లో ఒకటో రెండో పోయినా మిగతాది మీ పేరుమీదే ఉండాలి, అది పిల్లోడికి ముందే చెప్పండి. నా మీద మా నాయన రెండెకరాల బరువు ఎంత ఉండిందో నాకే తెలుసు.

వదినమ్మకు ఒక మాట. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. ఆ వారమంతా మేము కూడా మామూలుగా లేము, మరుసటి రోజు యూనిఫాం వేసుకుని పోవడానికి నాకే ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. భయపడొద్దమ్మా అని నేను చెప్పను. ఒక్కో ప్రమాదం తర్వాత కారణం వెతికి, రూల్ మార్చి, మాకు మళ్ళీ నేర్పించి, అట్ల అట్ల ఇది ఇంత భద్రంగా తయారైంది, పాకాల నుంచి తిరుపతికి రాత్రి బైకు మీద మీవాడు పోయే దానికంటే నా సీటు క్షేమం అని మాత్రం నమ్మకంగా చెప్పగలను. మా అమ్మ తిరుపతిలో మేడమీద నిలబడి ఫ్లైట్లు చూస్తుంది, రేణిగుంట ఫ్లైట్ పడిన రోజు టైమ్ చెప్తాను. పదిహేనేళ్ళయినా దిగినాక ఫోన్ చేయకపోతే అన్నం తినదు. ఇంజన్ ఆపి, కాగితాలు సంతకం పెట్టి, సీట్లోంచి లేచేముందే చేస్తాను.